పల్లాడియం–అల్యూమినా మీద మీథేన్ దహనం: కేటలిస్ట్ తయారీ నుంచి నమ్మదగ్గ లైట్–ఆఫ్ కర్వ్ దాకా

“మొదటి రోజు 340 డిగ్రీల దగ్గరే సగం మీథేన్ కాలిపోయింది. మర్నాడు అదే సాంపిల్, అదే ట్యూబ్, 375 దాకా కదల్లేదు. ఏం తప్పు చేశాం?”

ఇది నాకు మెయిల్‌లో వచ్చిన ప్రశ్న. ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్ళు ఇదే ప్రశ్న రకరకాలుగా అడుగుతుంటారు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పేస్తే మళ్ళీ అదే తప్పు ఇంకోచోట జరుగుతుంది. అందుకే కేటలిస్ట్ (ఉత్ప్రేరకం) తయారీ దగ్గర్నుంచి, ఏ ఉష్ణోగ్రతకు ఎంత మీథేన్ కాలిందో చూపే లైట్–ఆఫ్ కర్వ్ మీదుగా, రియాక్టర్ ఆపేదాకా మొత్తం వరుసగా రాస్తున్నాను. ఆ 340, 375 సంగతి చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఇక్కడ తీసుకున్న కేసు: ఒక శాతం పల్లాడియం, దాన్ని మోసే గామా అల్యూమినా పొడి (దీన్నే సపోర్ట్ అంటాం), ఒక శాతం మీథేన్. ప్లాటినం, కోబాల్ట్ ఆక్సైడ్ లాంటివాటికీ పద్ధతి ఇదే. ఎక్కడ మారుతుందో అక్కడ చెబుతాను.

## 1. గ్యాస్ లెక్క ముందు, గ్లాస్‌వేర్ తర్వాత

మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలిన వెంటనే అంటుకుంటుంది. మనం వాడేది ఒక శాతమే అయినా, స్వచ్ఛమైన మీథేన్ సిలిండర్ పెట్టుకుంటే ఒక ఫ్లో కంట్రోలర్ మొరాయించినా చాలు, ట్యూబ్‌లోకి ఎంత వెళ్తుందో మన చేతిలో ఉండదు.

అందుకని 5 శాతం మీథేన్, మిగతాదంతా నైట్రోజన్ ఉన్న మిశ్రమం సిలిండర్ తెప్పించుకోండి. దీన్ని గాలితో ఏ పాళ్ళలో కలిపినా అంటుకునే మిశ్రమం తయారవదు. ధర కాస్త ఎక్కువ, కానీ రాత్రిపూట రన్ వదిలి ఇంటికెళ్తే టెన్షన్ ఉండదు. గాలి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ మాత్రం వాడకండి, అప్పుడు ఈ భరోసా పనిచేయదు.

పాళ్ళు ఇలా పెట్టుకోండి:

- మీథేన్ మిశ్రమం: నిమిషానికి 20 మి.లీ.
- సింథటిక్ గాలి: నిమిషానికి 80 మి.లీ.
- రియాక్టర్‌లోకి వెళ్ళేది: మీథేన్ 1 శాతం, ఆక్సిజన్ 16.8 శాతం, నైట్రోజన్ 82.2 శాతం

మీథేన్ ఒక అణువుకు ఆక్సిజన్ రెండు అణువులు చాలు. ఇక్కడ దానికి ఎనిమిది రెట్లకు పైగా ఉంది. ఆక్సిజన్ ఇంత మిగులు ఉంటే దాని పరిమాణం కొద్దిగా అటూఇటూ అయినా రేటు దాదాపు మారదు. లెక్కలు తేలికవుతాయి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక మోల్ మీథేన్ పూర్తిగా కాలితే దాదాపు 802 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. ఒక శాతం మీథేన్ మొత్తం కాలి, వేడి ఎటూ పోకుండా గ్యాస్‌లోనే ఉండిపోతే గ్యాస్ ఉష్ణోగ్రత సుమారు 260 డిగ్రీలు పెరుగుతుంది. నిజంగా చాలా వేడి గోడల ద్వారా పోతుంది, అయినా బెడ్ (ట్యూబ్‌లో నింపిన కేటలిస్ట్) ఫర్నేస్ కంటే వేడిగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్ల పాడైన డేటా చాలా చూశాను.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

తయారీకి:

- గామా అల్యూమినా, గ్రాముకు 150–200 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్నది
- పల్లాడియం నైట్రేట్ (క్లోరైడ్ కాదు, కారణం కింద ఉంది)
- పలుచటి నైట్రిక్ ఆమ్లం, డీఅయనైజ్డ్ నీళ్ళు
- మైక్రోపిపెట్, గాజు కడ్డీ, వెడల్పాటి పింగాణీ గిన్నె
- ఓవెన్, మఫుల్ ఫర్నేస్ (నైట్రేట్లు కాలేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, ఫర్నేస్ పొగ ఫ్యూమ్ హుడ్‌లోకి వెళ్ళాలి)
- పెల్లెట్ ప్రెస్, 60, 80 మెష్ జల్లెడలు

రియాక్టర్‌కి:

- లోపలి వ్యాసం 6 మి.మీ. ఉన్న క్వార్ట్జ్ ట్యూబ్, క్వార్ట్జ్ ఉన్ని
- బెడ్‌కి ఆనేలా పెట్టగల సన్నటి థర్మోకపుల్
- రెండు మాస్ ఫ్లో కంట్రోలర్లు, సబ్బు బుడగ ఫ్లోమీటర్
- అదే 60–80 మెష్ సైజు సిలికాన్ కార్బైడ్ (బెడ్ ఒకేచోట వేడెక్కకుండా కేటలిస్ట్‌లో కలపడానికి)
- జీసీ (గ్యాస్ క్రోమటోగ్రాఫ్), లేదా మాస్ స్పెక్ట్రోమీటర్, లేదా ఇన్‌ఫ్రారెడ్ గ్యాస్ అనలైజర్

ట్యూబ్ స్టీల్‌ది వద్దు. వేడెక్కిన స్టీల్ గోడ మీద కూడా హైడ్రోకార్బన్లు కాలతాయి. జాయింట్లకు సిలికోన్ గ్రీజు కూడా రాయకండి. దాని ఆవిరి బెడ్ మీద చేరి సిలికా పొరగా మిగిలి పల్లాడియాన్ని కప్పేస్తుంది.

మీథేన్ బదులు ల్యాబ్‌లో ఉన్న పైపు గ్యాస్, ప్రొపేన్ బదులు వంట సిలిండర్ వాడొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. వాడకూడదు. లీకైతే వాసన తెలియాలని వాటిలో గంధకం ఉన్న మెర్‌కాప్టాన్ కలుపుతారు. మన ముక్కును హెచ్చరించే ఆ కొద్ది గంధకమే పల్లాడియానికి విషం.

## 3. సపోర్ట్ ఎంత నీళ్ళు తాగుతుందో ముందు కొలవండి

అల్యూమినాను 500 డిగ్రీల దగ్గర 3 గంటలు కాల్చి డెసికేటర్‌లో చల్లార్చండి. బయట పెడితే గాలిలోని తేమ లాగేసుకుంటుంది. మన వానాకాలంలో అయితే మరీను. తడి సపోర్ట్ తూచి లెక్కేస్తే పల్లాడియం శాతం మొదట్లోనే తప్పుతుంది.

ఇప్పుడు ఒక గ్రాము పొడి గిన్నెలో వేసి, మైక్రోపిపెట్‌తో 20 మైక్రోలీటర్ల చొప్పున నీళ్ళు వేస్తూ కలపండి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. నీళ్ళన్నీ లోపలికి పోతాయి, పొడి పొడిగానే ఉంటుంది. తర్వాత ఒకచోట చిన్న ఉండలు కడతాయి, మళ్ళీ విడిపోతాయి. ఇంకో రెండు మూడు చుక్కలకు పొడి మొత్తం తడి బియ్యప్పిండిలా అవుతుంది. పిడికిలి బిగిస్తే ముద్దవుతుంది, వేలితో తాకితే రాలుతుంది. పైన మెరుపు మాత్రం ఇంకా రాదు. అక్కడ ఆపాలి. మెరుపు వచ్చిందంటే రంధ్రాలు నిండి నీళ్ళు బయట మిగిలాయని అర్థం.

మూడుసార్లు చేసి సగటు తీయండి. మామూలు గామా అల్యూమినాకు గ్రాముకు 0.4–0.5 మి.లీ. దగ్గర వస్తుంది. ఈ పరీక్షకు వాడిన పొడి పక్కన పెట్టేయండి, అసలు తయారీలో కలపకండి.

## 4. ఇంప్రెగ్నేషన్

పల్లాడియం ద్రావణాన్ని సపోర్ట్ రంధ్రాల్లోకి పట్టించడమే ఇంప్రెగ్నేషన్. 5 గ్రాముల అల్యూమినాకు లెక్క:

- కావలసిన పల్లాడియం: 5 ÷ 99 = 0.0505 గ్రా. (తయారైన కేటలిస్ట్‌లో ఒక శాతం కాబట్టి 99తో భాగించాలి, 100తో కాదు)
- డైహైడ్రేట్ రూపంలో ఉన్న నైట్రేట్‌లో పల్లాడియం సుమారు 39.9 శాతం, కాబట్టి 0.1265 గ్రా. తూచాలి
- నీళ్ళు గ్రాముకు 0.5 మి.లీ. తాగితే ద్రావణం 2.5 మి.లీ.

సీసా తెరిచి చాలా రోజులైతే ఆ ఉప్పులో నీటి అణువులు ఎన్ని ఉన్నాయో చెప్పలేం. సీసా మీద రాసిన పల్లాడియం శాతంతోనే లెక్క వేయండి, చివర్లో ఐసీపీతో (లోహం ఎంతుందో కొలిచే పరికరంతో) అసలు శాతం చూపించండి. పేపర్లో ఆ చూపించిన అంకెనే రాయాలి.

ద్రావణం కలిపేటప్పుడు ఉత్త నీళ్ళలో వేస్తే కాసేపటికి మసకబారుతుంది, నైట్రేట్ జలవిశ్లేషణ చెంది అవక్షేపం కడుతుంది. రెండు మూడు చుక్కల పలుచటి నైట్రిక్ ఆమ్లం వేస్తే ముదురు గోధుమ రంగులో తేటగా నిలుస్తుంది. తేటగా లేనిది వాడకండి. పల్లాడియం నైట్రేట్ చర్మాన్ని కాలుస్తుంది, మరకా పడుతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.

కలపడంలో తొందర పనికిరాదు. 100 మైక్రోలీటర్లు ఒకేచోట కుమ్మరిస్తే అక్కడ రంగు ముదిరిపోతుంది, మిగతాది తెల్లగా ఉంటుంది. ఎంత కలిపినా ఆ తేడా పూర్తిగా పోదు. గిన్నెను తిప్పుతూ చుక్క చుక్కా వేసి, ప్రతి పది చుక్కలకూ ఒక నిమిషం కలపండి. 2.5 మి.లీ.కి అరగంట పట్టాలి. అంతా ఒకే రంగులోకి వచ్చాక మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి.

క్లోరైడ్ ఎందుకు వద్దు? పల్లాడియం క్లోరైడ్ చవక, చాలా ల్యాబ్‌ల్లో ఉంటుంది. కాని కాల్చినా క్లోరిన్ కొంత అల్యూమినాను పట్టుకునే ఉంటుంది, అది పల్లాడియం చురుకుదనాన్ని తగ్గిస్తుంది. రన్‌లో పుట్టే నీటి ఆవిరి దాన్ని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది కాబట్టి రన్ రన్‌కీ ఫలితం మెరుగవుతూ పోతుంది. “మా కేటలిస్ట్ వాడేకొద్దీ చురుకవుతోంది” అని సంబరపడేది ఇక్కడే. అది కొత్త సంగతి కాదు, పోతున్న క్లోరిన్.

## 5. ఎండబెట్టడం, కాల్చడం

- 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా, గిన్నెలో పలుచగా పరిచి. కుప్పగా ఉంటే నీళ్ళు పైకి లాగేటప్పుడు పల్లాడియాన్నీ పైకి తెచ్చేస్తాయి.
- తర్వాత గాలిలో 500 డిగ్రీలు, 4 గంటలు. వేడి నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పెంచండి.

బయటికి తీశాక రంగు లేత గోధుమ నుంచి నారింజ గోధుమ మధ్య ఉండాలి. అది పల్లాడియం ఆక్సైడ్ రంగు. బూడిద లేదా నలుపు కనిపిస్తే ఎక్కడో లోహంగా మారిందని అర్థం. గాలి సరిగా ఆడలేదేమో చూసుకోండి. ఈ రంగు గుర్తుపెట్టుకోండి, రన్ అయ్యాక బెడ్ బయటికి తీసినప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

## 6. గింజ సైజు, బెడ్

పొడిని అలాగే ట్యూబ్‌లో వేస్తే గ్యాస్ పోదు, పీడనం పెరుగుతుంది. ప్రెస్‌లో బిళ్ళ చేసి, నూరి, 60–80 మెష్ మధ్య జల్లించుకోండి. గింజ 0.18 నుంచి 0.25 మి.మీ. ఉంటుంది. కిందికి రాలిన నుసిని పారేయకండి, మళ్ళీ బిళ్ళ కట్టండి. పల్లాడియం ఖరీదు మీకు తెలియనిది కాదు.

రెండు కొలతలు సరిచూసుకోవాలి. ట్యూబ్ వ్యాసం గింజకు కనీసం 10 రెట్లు, బెడ్ పొడవు గింజకు కనీసం 50 రెట్లు. లేకపోతే గ్యాస్ గోడ పక్కనుంచి జారిపోతుంది. మన కేసులో 100 మి.గ్రా. కేటలిస్ట్, 400 మి.గ్రా. సిలికాన్ కార్బైడ్ కలిపితే 6 మి.మీ. ట్యూబ్‌లో సుమారు 15 మి.మీ. ఎత్తు వస్తుంది. రెండూ సరిపోతాయి.

సిలికాన్ కార్బైడ్ బరువు, అల్యూమినా తేలిక. చిన్న సీసాలో కుదిపి ట్యూబ్‌లో పోసేటప్పుడు విడిపోతాయి. నాలుగు భాగాలుగా చేసి, ఒక్కో భాగం విడిగా కలిపి పోయండి, ప్రతిసారీ ట్యూబ్‌ను పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. గోధుమ, నల్ల గింజలు సమంగా కలిసిందీ లేనిదీ క్వార్ట్జ్ లోంచి కంటికి కనబడుతుంది.

నిమిషానికి 100 మి.లీ. గ్యాస్, 0.1 గ్రాము కేటలిస్ట్ అంటే గంటకు గ్రాముకు 60,000 మి.లీ. ఈ అంకె లేకుండా టీ50 చెప్పడం, దూరం చెప్పకుండా బస్సు ఎంతసేపట్లో చేరిందో చెప్పినట్టే. (టీ50 అంటే సగం మీథేన్ కాలిపోయే ఉష్ణోగ్రత. టీ10, టీ90 కూడా అలాగే.)

థర్మోకపుల్. దాని కొన సన్నటి క్వార్ట్జ్ గొట్టంలో ఉండి బెడ్‌ను ఆనాలి. నేను మొదట్లో చేసిన రన్‌లన్నీ ట్యూబ్ బయట, ఫర్నేస్ గోడ పక్కన పెట్టిన థర్మోకపుల్‌తోనే. అంకెలు అందంగా వచ్చాయి. తర్వాత లోపల పెట్టి చూస్తే సగం కన్వర్షన్ (మీథేన్‌లో సగం కాలిన స్థితి) దగ్గర బెడ్ ఫర్నేస్ కంటే పద్దెనిమిది డిగ్రీలు వేడిగా ఉంది. అప్పటిదాకా గీసిన గ్రాఫులన్నీ పక్కన పెట్టి మూడు నెలల పని మళ్ళీ చేశాను. గ్రాఫు కింద గీతలో రాయాల్సింది బెడ్ ఉష్ణోగ్రత. ఫర్నేస్ ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో ఉంటే చాలు.

## 7. కేటలిస్ట్ లేకుండా చేయాల్సిన పరీక్షలు

ఒకరోజు పోతుంది. పోనివ్వండి.

- [ ] లైన్‌లో నైట్రోజన్‌తో పీడనం పెంచి, వాల్వులు మూసి, 15 నిమిషాలు చూశారా? జాయింట్ల మీద సబ్బునీళ్ళు రాశారా?
- [ ] రెండు ఫ్లోలనూ సబ్బు బుడగతో విడివిడిగా కొలిచారా? కంట్రోలర్ చూపించే అంకె ఆ గ్యాస్‌కే కాలిబ్రేట్ అయిందా?
- [ ] జీసీకి కనీసం మూడు పాళ్ళ మీథేన్, మూడు పాళ్ళ కార్బన్ డయాక్సైడ్‌తో కాలిబ్రేషన్ గీత గీశారా?
- [ ] ఉత్త సిలికాన్ కార్బైడ్, క్వార్ట్జ్ ఉన్ని పెట్టి 550 డిగ్రీల దాకా రన్ చేశారా? మీథేన్ ఏమాత్రం తగ్గకూడదు.
- [ ] పల్లాడియం లేని ఉత్త అల్యూమినాతో ఇంకో రన్?

జీసీ కాలమ్ గురించి ఒక మాట. మాలిక్యులర్ సీవ్ ఆక్సిజన్, నైట్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్‌లను విడదీస్తుంది కాని కార్బన్ డయాక్సైడ్‌ను మింగేస్తుంది. దానికి పోరాపాక్ రకం కాలమ్ కావాలి. రెండూ ఉంటేనే కార్బన్ లెక్క సరిపోతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ వాడేవాళ్ళు మీథేన్‌ను ద్రవ్యరాశి 16 దగ్గర చూడకండి, ఆక్సిజన్ ముక్క కూడా అక్కడే పడుతుంది. 15 దగ్గర చూడండి. కార్బన్ మోనాక్సైడ్ 28 దగ్గర నైట్రోజన్‌తో కలిసిపోతుంది, మాస్‌తో దాన్ని తేల్చడం కష్టం.

## 8. రన్

1. పొడి గాలిలో 500 డిగ్రీలకు తీసుకెళ్ళి గంటసేపు ఉంచండి. ప్రతి సాంపిల్‌కీ ఇదే పద్ధతి, మినహాయింపు లేదు.
2. పొడి గాలిలోనే 200 డిగ్రీలకు దించండి. ఈలోగా మీథేన్ మిశ్రమాన్ని బైపాస్ లైన్‌లో తిప్పి, వరసగా మూడు ఇంజెక్షన్లు (జీసీలోకి పంపే గ్యాస్ నమూనాలు) ఒకేలా వచ్చేదాకా ఆగండి. లోపలికి వెళ్ళే మీథేన్ అంకె ఇదే.
3. రియాక్టర్‌లోకి మళ్ళించండి.
4. 25 డిగ్రీల చొప్పున పెంచండి. ప్రతి మెట్టు మీద 30 నిమిషాలు, చివర్లో రెండు ఇంజెక్షన్లు. రెండూ కలవకపోతే ఇంకా ఆగండి.
5. కన్వర్షన్ 5 నుంచి 90 శాతం మధ్య ఉన్నప్పుడు మెట్టు 10 డిగ్రీలకు తగ్గించండి. కర్వ్‌లో అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది.
6. 550 దగ్గర రెండు గంటలు ఉంచి, అవే మెట్ల మీద కిందికి దిగుతూ కొలవండి.
7. మొత్తం ఇంకో రెండుసార్లు.

జీసీ ఒక ఇంజెక్షన్‌కు పది నిమిషాలు తీసుకుంటుంటే, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున ఆగకుండా పెంచే పద్ధతి కుదరదు. రెండు ఇంజెక్షన్ల మధ్య 50 డిగ్రీలు దాటిపోతాయి. ఆ పద్ధతి మాస్, ఇన్‌ఫ్రారెడ్ ఉన్నవాళ్ళకు.

దిగేటప్పటి కర్వ్ వదిలేసేవాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో ఎక్కేదాని కంటే అదే ముఖ్యం. మొదటిసారి ఎక్కేటప్పుడు కేటలిస్ట్ ఇంకా మారుతూ ఉంటుంది, అప్పటి అంకె మళ్ళీ రాదు. నేను టీ50ని రెండో రన్‌లోనో మూడో రన్‌లోనో దిగే కర్వ్ నుంచే తీస్తాను, ఎలా తీశానో రాస్తాను.

ఈ పాళ్ళలో, ఈ ఫ్లోలో, పొడి గ్యాస్‌తో మంచి పల్లాడియం–అల్యూమినాకు టీ50 సుమారు 300–400 డిగ్రీల మధ్య వస్తుంది. 250కి వచ్చిందంటే సంతోషించే ముందు థర్మోకపుల్ చూడండి.

ఒక హద్దు కూడా ఉంది. పల్లాడియం ఆక్సైడ్ గాలిలో సుమారు 800 డిగ్రీల దగ్గర లోహంగా విడిపోతుంది. చల్లార్చేటప్పుడు అదే ఉష్ణోగ్రత దగ్గర తిరిగి ఆక్సైడ్ అవదు, ఇంకా చాలా కిందికి దిగాలి. ఆ మధ్యలో చురుకుదనం పడిపోయి మళ్ళీ లేస్తుంది. అధిక ఉష్ణోగ్రతలో చేసేవాళ్ళకు ఇది మామూలే. కొత్తగా చేసేవాళ్ళు 600 దాటకుండా ఉంటే ఈ చిక్కు ఉండదు.

## 9. లెక్కలు

కన్వర్షన్ అంటే, లోపలికి వెళ్ళిన మీథేన్‌లోంచి బయటికొచ్చింది తీసేసి, వెళ్ళినదానితో భాగించడం. తేలికే. కాని జీసీ ముందు నీటిని ఐస్‌తో పట్టేస్తాం కదా, అక్కడ ఒక మెలిక ఉంది.

వందలో ఒక పాలు మీథేన్ పూర్తిగా కాలితే రెండు పాళ్ళ నీళ్ళు వస్తాయి. వాటిని పట్టేశాక మిగిలిన గ్యాస్ 98 పాళ్ళే. అందులో కార్బన్ డయాక్సైడ్ 1.02 శాతంగా కనిపిస్తుంది. “కార్బన్ 102 శాతం ఎలా వచ్చింది” అని కంగారు పడాల్సిన పనిలేదు. నైట్రోజన్ ఎటూ పోదు, పుట్టదు. ప్రతి ఇంజెక్షన్‌లోనూ మీథేన్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని నైట్రోజన్‌తో భాగించి పోల్చండి, మెలిక విడిపోతుంది.

కార్బన్ బ్యాలెన్స్ 98–102 మధ్య ఉండాలి. 95 కంటే తగ్గితే ఆ పాయింట్ గ్రాఫులో పెట్టకండి.

రేటు ఎలా తీయాలో ఒక ఉదాహరణ. కన్వర్షన్ 10 శాతం అనుకుందాం. నిమిషానికి 1 మి.లీ. మీథేన్‌లో 0.1 మి.లీ. కాలింది. 20 డిగ్రీల దగ్గర ఒక మోల్ గ్యాస్ దాదాపు 24 లీటర్లు, కాబట్టి నిమిషానికి 4.2 మైక్రోమోళ్ళు, సెకనుకు 0.069 మైక్రోమోళ్ళు. 0.1 గ్రాముకు ఇది కాబట్టి గ్రాముకు సెకనుకు 0.69 మైక్రోమోళ్ళు. ఆ 0.1 గ్రాములో పల్లాడియం 9.4 మైక్రోమోళ్ళు. ఒక్కో పల్లాడియం పరమాణువుకు సెకనుకు సుమారు 0.0074 మీథేన్ అణువులు.

ఇలాంటి రేట్లు 10 శాతం లోపు కన్వర్షన్ దగ్గరే తీయాలి. 60, 70 శాతం దగ్గర తీసి యాక్టివేషన్ ఎనర్జీ (చర్య జరగాలంటే దాటాల్సిన శక్తి గట్టు) గీత గీస్తే, అది కేటలిస్ట్ గురించి కాదు, వేడి, గ్యాస్ ఎంత వేగంగా కదిలాయన్నదాని గురించి చెబుతుంది. పొడి గ్యాస్‌తో పల్లాడియం–అల్యూమినాకు సాధారణంగా 70–90 కిలోజౌళ్ళ దగ్గర వస్తుంది. 35, 40 వచ్చిందంటే గ్యాస్ గింజలోకి చేరడమే ఆలస్యమవుతోందని అనుమానించండి. గింజను సగం సైజుకు నూరి మళ్ళీ చేయండి, రేటు పెరిగితే అనుమానం నిజమే.

వేడి గురించిన అనుమానం ఇంకోలా తేల్చుకోవచ్చు. మీథేన్ మిశ్రమాన్ని 10 మి.లీ.కి తగ్గించి, ఆ 10 నైట్రోజన్‌తో నింపండి. అదే బెడ్ ఉష్ణోగ్రత దగ్గర కన్వర్షన్ శాతం దాదాపు అంతే ఉండాలి. నీళ్ళు కూడా సగమవుతాయి కాబట్టి కాస్త పెరగవచ్చు. బాగా పడిపోయిందంటే మొదట్లో చూసింది బెడ్ ఒకచోట అతిగా వేడెక్కడం వల్ల వచ్చిన కన్వర్షన్.

## 10. నీటి ఆవిరితో పరీక్ష

సీఎన్‌జీ ఆటో పొగలో కనీసం పదో వంతు నీటి ఆవిరే. హైదరాబాద్‌లో, విజయవాడలో రోజూ మన పక్కనుంచి వెళ్ళే ఆటోల మాట ఇది. పొడి గ్యాస్‌తో మాత్రమే పరీక్షించిన కేటలిస్ట్ అక్కడ ఎలా ఉంటుందో చెప్పలేం. పల్లాడియం మీద మీథేన్ రేటు నీళ్ళు పెరిగేకొద్దీ దాదాపు విలోమంగా తగ్గుతుంది, ముఖ్యంగా 450 డిగ్రీల లోపు. ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులు చేరి, మీథేన్ దిగాల్సిన చోట్లను ఆక్రమిస్తాయి.

ఖరీదైన పంపు అక్కర్లేదు. 80 మి.లీ. గాలిని 37 డిగ్రీల నీళ్ళలోంచి, అంటే మన ఒంటి వేడి అంత నీళ్ళలోంచి, బుడగలుగా పంపండి. అక్కడ నీటి ఆవిరి పీడనం 6.3 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. మీథేన్ మిశ్రమంతో కలిశాక మొత్తంలో నీళ్ళు 5 శాతం వస్తాయి. గాలి నిజంగా పూర్తిగా తడవాలంటే బుడగల సీసాలు రెండు వరసగా పెట్టండి.

సీసా నుంచి రియాక్టర్ దాకా, రియాక్టర్ నుంచి ఐస్ ట్రాప్ దాకా లైన్ మొత్తం 120 డిగ్రీల హీటింగ్ టేప్ చుట్టాలి. ఒక్క అంగుళం వదిలేసినా అక్కడ చుక్క కడుతుంది, అది జారినప్పుడల్లా కర్వ్ గంతులేస్తుంది. చెయ్యి పెట్టి చల్లగా ఉన్నచోటు వెతకొద్దు, చిన్న థర్మోకపుల్‌తో వెతకండి.

యాక్టివేషన్ ఎనర్జీ కావాలంటే కూడా తడి గ్యాస్ నయం. పొడి గ్యాస్‌తో చేస్తే కన్వర్షన్ పెరిగేకొద్దీ పుట్టే నీళ్ళూ పెరుగుతాయి, ప్రతి పాయింట్ దగ్గరా బ్రేకు వేరుగా పడుతుంది. ముందే 5 శాతం ఉంటే పుట్టే కొద్ది నీళ్ళు లెక్కలోకి రావు. అప్పుడు వచ్చే అంకె పొడి గ్యాస్‌దానికంటే పెద్దదిగా ఉంటుంది. కంగారు పడకండి.

## 11. ఇలా కనిపిస్తే, ఇది చూడండి

కర్వ్ ఒకేచోట నిలువుగా లేచింది, 20 నుంచి 95కి ఒక్క మెట్టులో. బెడ్ అంటుకుంది. సిలికాన్ కార్బైడ్ పెంచండి, మీథేన్ సగం చేయండి.

దిగే కర్వ్ ఎడమవైపు ఉంది, అంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ కాలుతోంది. బెడ్ తన వేడితో తానే నడుస్తోంది, లేదా క్లోరిన్ పోతోంది. మూడో రన్‌లో కూడా అలాగే ఉంటే మొదటిది.

దిగే కర్వ్ కుడివైపు జరిగింది. నీళ్ళు పట్టుకున్నాయి, లేదా పల్లాడియం గింజలు ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవయ్యాయి. 550లో పొడి గాలి గంటసేపు ఇచ్చి మళ్ళీ చేయండి. కోలుకుంటే నీళ్ళు. కోలుకోకపోతే రెండోది.

90 దాటి ఎంత వేడి చేసినా 100 రాదు. గ్యాస్ పక్కనుంచి పోతోంది. బెడ్ మళ్ళీ నింపండి.

కార్బన్ మోనాక్సైడ్ కనిపించింది. ఇంత ఆక్సిజన్‌లో రాకూడదు. గాలి ఫ్లో పడిపోయిందేమో ముందు చూడండి. రన్ ఆపి, గది గాలి ఆడేలా చేసి తర్వాత వెతకండి.

రోజురోజుకీ మెల్లగా చచ్చిపోతోంది, పొడి గాలికి కోలుకోవడం లేదు. గంధకం. సిలిండర్ మార్చి కొత్త సాంపిల్‌తో చూడండి. పట్టిన సల్ఫేట్ గాలిలో పోవాలంటే 600 దాటాలి, అప్పటికీ మొత్తం పోదు.

## 12. మీథేన్ కాకుండా వేరే హైడ్రోకార్బన్ అయితే

మీథేన్‌లో కార్బన్–హైడ్రోజన్ బంధం 439 కిలోజౌళ్ళు, ఆల్కేన్‌ల (ఒంటి బంధాలే ఉన్న హైడ్రోకార్బన్ల) కుటుంబంలో అదే గట్టిది. అందుకే ఆ కుటుంబంలో మిగతావన్నీ ఇంతకంటే ముందే కాలతాయి. మీథేన్‌కు పల్లాడియం, ప్రొపేన్‌కు ప్లాటినం అని ఎంచుకుంటే సాధారణంగా పొరపాటుండదు. ప్రొపేన్ గాలిలో 2.1 శాతం నుంచే అంటుకుంటుంది, వేడి కూడా మోల్‌కు 2,040 కిలోజౌళ్ళ పైమాటే. 0.3 శాతంతో మొదలుపెట్టండి. ఒక ప్రొపేన్‌కు మూడు కార్బన్ డయాక్సైడ్‌లని లెక్కలో మర్చిపోకండి.

టోలిన్ లాంటివి చేసేవాళ్ళు ఒక పెద్ద పొరపాటు చేస్తారు. 100 డిగ్రీల దగ్గర టోలిన్ తగ్గింది, కన్వర్షన్ 40 శాతం అని రాస్తారు. అది కాలలేదు, అల్యూమినా మీద అతుక్కుంది. ఇంకాస్త వేడి చేస్తే ఊడి బయటికొచ్చి కన్వర్షన్ సున్నా కంటే కిందికి చూపిస్తుంది. ఇలాంటివాటికి కన్వర్షన్‌ను పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నుంచే లెక్కించాలి.

## 13. ఆపే పద్ధతి

సాయంత్రం ఆలస్యమైంది, చివరి ఇంజెక్షన్ అయిపోయింది, ఫర్నేస్ స్విచ్ ఆపేసి గ్యాస్ అలాగే వదిలేసి వెళ్ళిపోతాం. మొదట్లో నేనూ అదే చేసేవాణ్ణి. రాత్రంతా బెడ్ చల్లబడుతూ, కాలుతూ ఉన్న మీథేన్ నుంచి పుట్టిన నీళ్ళలోనే ఉంటుంది. తెల్లారేసరికి పల్లాడియం నిండా హైడ్రాక్సిల్‌లే. మర్నాడు 200 నుంచి మొదలుపెడితే 340 దగ్గర కాలాల్సింది 375 దాకా కదలదు. మెయిల్‌లో అడిగినవాళ్ళు చేసింది సరిగ్గా ఇదే. రెండో రోజు పొడి గాలిలో 500కి తీసుకెళ్ళే మెట్టు వదిలేశారు, టైమ్ కలిసొస్తుందని.

కాబట్టి ఆపేటప్పుడు:

1. బెడ్‌ను తిరిగి 550కి తీసుకెళ్ళి, అక్కడ ఉండగానే మీథేన్ మిశ్రమం మూయండి.
2. సాచురేటర్‌ను (గాలిని తడిపే బుడగల సీసాలను) బైపాస్ చేయండి, లేకపోతే గాలి తడిగానే వస్తుంది.
3. పొడి గాలి గంటసేపు, అదే ఉష్ణోగ్రతలో.
4. పొడి గాలిలోనే 100 లోపుకు దించి, రెండు చివర్లా వాల్వులు మూయండి.
5. సిలిండర్ వాల్వు మూసి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాస్‌ను ఫ్యూమ్ హుడ్‌లోకి వదిలేయండి.

రన్‌లన్నీ అయ్యాక బెడ్‌ను తెల్ల కాగితం మీద పోసి చూడండి. గోధుమ రంగు అలాగే ఉందా, పై పొర మాత్రమే బూడిదగా మారిందా? కెమెరాతో ఫోటో తీసి నోట్‌బుక్‌లో అంటించండి. గోధుమ గింజల్ని 80 మెష్ జల్లెడలో సిలికాన్ కార్బైడ్ నుంచి విడదీయలేరు, రెండూ ఒకే సైజు. మొత్తం ఒక సీసాలో పోసి, రన్ నంబరు, తేదీ రాసి దాచండి. పల్లాడియం తిరిగి తీసుకునేవాళ్ళకు ఇవ్వొచ్చు, రెండేళ్ళ తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే తెరిచి చూపించనూవచ్చు.